బరువు ఎక్కువ, వీర్యకణాలు తక్కువ: టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ తీసుకోవచ్చా?

దారిదీపం (ప్రశ్న)

నమస్తే. వివరాలు ముందే పెడుతున్నాను. వయసు 33, ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు, నడుము చుట్టుకొలత 112 సెంటీమీటర్లు. పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టి 14 నెలలైంది. భార్య వయసు 31, ఆమె పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి.

వీర్యపరీక్ష ఒక్కసారే అయింది. పరిమాణం 1.8 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 9 మిలియన్ల కణాలు, ముందుకు కదిలేవి 22 శాతం, సరైన ఆకారంలో ఉన్నవి 3 శాతం.

మధ్యాహ్నం 3 గంటలకు, తిన్న తర్వాత ఇచ్చిన రక్తంలో మొత్తం టెస్టోస్టెరాన్ 248, ఎల్‌హెచ్ 3.1, ఎఫ్‌ఎస్‌హెచ్ 3.4 (ఈ రెండూ వృషణాలను నడిపే హార్మోన్లు), ఎస్ట్రడయాల్ అనే ఎస్ట్రోజెన్ 46. షుగర్ పరీక్ష ఇంకా చేయించలేదు.

అడగాలనుకున్నవి మూడు. ఇదంతా నిజంగా బరువు వల్లేనా? టెస్టోస్టెరాన్ తక్కువ ఉంది కాబట్టి ఇంజెక్షన్ తీసుకుంటే కౌంట్ కూడా పెరుగుతుందా? బరువు తగ్గాలంటే ఎంత తగ్గాలి, ఫలితం ఎన్నాళ్లకు కనిపిస్తుంది?

---

హార్మోన్ల లెక్క

ముందు రెండో ప్రశ్న తీసుకుంటాను, తొందరపడితే ఎక్కువ నష్టం జరిగేది అక్కడే. పిల్లలు కావాలనుకుంటున్న మగవారు టెస్టోస్టెరాన్ తీసుకోకూడదు. ఇంజెక్షన్ అయినా, జెల్ అయినా, జిమ్‌లో ఎవరో ఇచ్చే పేరులేని ‘బూస్టర్’ పొడి అయినా అంతే.

వీర్యకణాలు తయారయ్యేది వృషణాల లోపల. అక్కడ టెస్టోస్టెరాన్ గాఢత రక్తంలో ఉన్నదానికి ఎన్నో పదుల రెట్లు ఉంటుంది. బయటి నుంచి ఇంజెక్షన్ ఇస్తే రక్తంలో అంకె పెరుగుతుంది. దాన్ని చూసి మెదడు ఇక చాలనుకుని ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ విడుదలను ఆపేస్తుంది. ఎల్‌హెచ్ అందకపోతే వృషణాల సొంత తయారీ ఆగి, లోపలి గాఢత పడిపోతుంది. అంటే రక్తపరీక్షలో అంకె బాగుపడుతూ ఉండగానే కౌంట్ కిందికి జారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ టెస్టోస్టెరాన్‌ను మగవారి గర్భనిరోధకంగానే పరీక్షించింది, ఆ ఫలితాలు 1990లో వచ్చాయి. వారానికి 200 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ తీసుకున్నవారిలో సగానికి పైగా మందికి ఆరు నెలల్లో వీర్యకణాలు సున్నాకు చేరాయి. ఆపేశాక ఎక్కువమందికి 6 నుంచి 12 నెలల్లో కోలుకుంటుంది, కొందరికి రెండేళ్లు కూడా పడుతుంది. మీకు అంత సమయం వృథా చేసుకునే అవసరం లేదు.

ఇక మొదటి ప్రశ్న. మీ బీఎంఐ 35. ఈ స్థాయిలో కొవ్వు ఒక మూల ఊరికే పడి ఉండదు, గ్రంథిలా పని చేస్తుంది. కొవ్వు కణాల్లో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది టెస్టోస్టెరాన్‌ను ఎస్ట్రడయాల్‌గా మారుస్తుంది. కొవ్వు ఎంత ఎక్కువుంటే ఈ మార్పిడి అంత ఎక్కువ. పెరిగిన ఎస్ట్రడయాల్ మెదడులో ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ విడుదలను నడిపే హైపోథాలమస్‌ను, పిట్యూటరీని అణచిపెడుతుంది. ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఇన్సులిన్ మాట ఒళ్లు వినకపోవడం), కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్, ఒంట్లో సన్నగా నడుస్తూ ఉండే వాపు కూడా అక్కడే దెబ్బ తీస్తాయి. అందుకే మీ ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ కాగితం మీద నార్మల్‌గా కనిపిస్తున్నా నిజానికి నార్మల్ కావు. టెస్టోస్టెరాన్ నిజంగా 248 ఉంటే పిట్యూటరీ గట్టిగా అరవాలి, ఎల్‌హెచ్ పైకి పోవాలి. 3.1 దగ్గర కూర్చుందంటే సంకేతమే బలహీనంగా ఉందని అర్థం. మీ విషయంలో ఇది మంచి వార్తే. వృషణాలే పాడైతే ఎఫ్‌ఎస్‌హెచ్ పెరుగుతుంది, దాన్ని వెనక్కి తిప్పడం కష్టం. సంకేతం తగ్గడం వల్ల వచ్చిన లోటును మాత్రం చాలావరకు వెనక్కి తేవచ్చు.

అయితే ఆ 248 అంకెను నేను ఇంకా నమ్మను. టెస్టోస్టెరాన్ తెల్లవారుజామున ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గుతుంది. తిన్నాక ఇంకా తగ్గుతుంది. ఉదయం 7 నుంచి 10 గంటల మధ్య, పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చేయించండి. దానితోపాటు ఎస్‌హెచ్‌బీజీ, ఆల్బుమిన్ కూడా రాయించుకోండి. లావుగా ఉన్నవారిలో ఇన్సులిన్ ఎక్కువై ఎస్‌హెచ్‌బీజీ తగ్గుతుంది. టెస్టోస్టెరాన్‌ను రక్తంలో మోసుకెళ్లే ప్రోటీన్ అది. మోసేది తగ్గితే ‘మొత్తం’ అంకె తగ్గుతుంది, కానీ స్వేచ్ఛగా తిరిగే టెస్టోస్టెరాన్ సరిగ్గానే ఉండవచ్చు. ఈ మూడు అంకెలతో ఫ్రీ టెస్టోస్టెరాన్‌ను లెక్క కట్టించుకోండి. కొన్ని ల్యాబ్‌లు కిట్‌తో నేరుగా కొలిచి ఇస్తాయి, ఆ అంకె మీద ఆధారపడవద్దు.

టెస్టోస్టెరాన్ డెసిలీటరుకు 248 నానోగ్రాములు, ఎస్ట్రడయాల్ మిల్లీలీటరుకు 46 పికోగ్రాములు అనుకుంటే, 248ని 46తో భాగిస్తే 5.4. ఈ నిష్పత్తి 10కి తగ్గితే అరోమటేజ్ జోరుగా ఉందని అనుమానిస్తాం. మగవారిలో ఎస్ట్రడయాల్ స్థాయి చాలా తక్కువ కాబట్టి మామూలు పద్ధతిలో కొలిస్తే తేడాలొస్తాయి. మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే మరింత కచ్చితమైన పద్ధతితో చేసే చోటు దొరికితే అక్కడ చేయించండి. ప్రొలాక్టిన్ (పిట్యూటరీ నుంచి వచ్చే మరో హార్మోన్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొవ్వుల పరీక్ష, లివర్ పరీక్ష కూడా ఇదే రక్తంలో అయిపోతాయి. ప్రొలాక్టిన్ ఎక్కువగా వస్తే కథ వేరే దారి పడుతుంది, బరువు పేరు చెప్పి దాన్ని వదిలేయకూడదు.

---

సూక్ష్మదర్శిని

పైన చెప్పినదానికి తోడు వీర్యపరీక్ష వైపు నుంచి కొంత.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మాన్యువల్ ప్రకారం కనీస హద్దులు: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 16 మిలియన్లు, మొత్తం మీద 39 మిలియన్లు, ముందుకు కదిలేవి 30 శాతం, సరైన ఆకారం 4 శాతం. ఏడాదిలోపు భార్యకు గర్భం వచ్చిన మగవారి ఫలితాలను వరుసగా పేర్చి, అందులో అట్టడుగు 5 శాతం దగ్గర గీసిన గీత ఇది. గీత దాటితే గ్యారంటీ అని కాదు, కింద ఉంటే అసాధ్యమనీ కాదు.

మీ రిపోర్టులో నేను మొదట చూసేది మొత్తం కణాల సంఖ్య. 9ని 1.8తో గుణిస్తే 16.2 మిలియన్లు. అందులో ముందుకు కదిలేవి 22 శాతం, అంటే సుమారు 3.6 మిలియన్లు. ఇది 5 మిలియన్ల లోపు ఉంటే ఐయూఐతో (శుద్ధి చేసిన వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపే పద్ధతితో) ఫలితం వచ్చే అవకాశం బాగా పడిపోతుంది. ఎవరైనా వెంటనే ఐయూఐ చేసేద్దామంటే ఈ అంకె గురించి అడగండి.

ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు. అదే మనిషిలో కౌంట్ వారం వారం బాగా ఊగుతుంది. రెండోది 3 నుంచి 4 వారాల తర్వాత, వీలైతే అదే ల్యాబ్‌లో ఇవ్వండి. 2 నుంచి 7 రోజులు విరామం ఉండాలి, రెండుసార్లూ ఒకే విరామం అయితే పోల్చడం తేలిక. పది పదిహేను రోజులు ఆపి ఇస్తే కౌంట్ పెరిగినట్టు కనిపిస్తుంది గానీ కదలిక తగ్గి, పాత కణాలు పోగుపడతాయి. మొదట వచ్చే చుక్కల్లోనే ఎక్కువ కణాలుంటాయి. అవి డబ్బాలో పడకపోతే అదే మాట ల్యాబ్‌వాళ్లకు చెప్పండి, లేకపోతే లేని జబ్బు రిపోర్టులోకి ఎక్కుతుంది. కందెనలు, ఉమ్మి, మామూలు కండోమ్ వాడకూడదు. ఇంట్లో సేకరిస్తే డబ్బాను ఒంటికి ఆనించుకుని అరగంటలో, మించితే గంటలోపు చేర్చండి. చల్లబడితే కదలిక పడిపోతుంది.

గడిచిన మూడు నెలల్లో గట్టి జ్వరం వచ్చి ఉంటే అది కూడా రాయించండి. ఒక్క జ్వరం చాలు, కొన్ని వారాల తర్వాత కౌంట్‌ను సగానికి దించగలదు.

ఇక బరువు సంగతి. వృషణాలకు ఒంటి వేడికంటే 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉండాలి. అందుకే అవి బయట వేలాడతాయి. తొడలు, పొత్తికడుపు కింది కొవ్వు వాటి చుట్టూ మూసుకుపోయి వేడి బయటకు పోనివ్వదు. గంటల తరబడి కూర్చుని పని చేసేవారిలో ఇది ఇంకా ఎక్కువవుతుంది. దీనికి ఆక్సిడేటివ్ ఒత్తిడి తోడవుతుంది. వీర్యకణం పొరలో తేలిగ్గా పాడయ్యే కొవ్వు ఆమ్లాలు ఎక్కువ, దాన్ని మరమ్మతు చేసుకునే శక్తి తక్కువ. దాంతో వీర్యకణం తలలోని డీఎన్‌ఏ తెగిపోతుంది. కౌంట్ బాగానే ఉండి గర్భం నిలవని కేసుల్లో ఈ తెగుదలను కొలిచే డీఎన్‌ఏ ఫ్రాగ్మెంటేషన్ పరీక్ష అడుగుతాం. మీకు మొదటి రోజే అక్కర్లేదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మొత్తం తప్పు బరువు మీదికి నెట్టేయకండి. 2013లో 21 అధ్యయనాలు, 13 వేలకు పైగా మగవారి వివరాలు కలిపి లెక్కగట్టారు. సాధారణ బరువున్నవారితో పోలిస్తే కౌంట్ తక్కువగా గానీ సున్నాగా గానీ ఉండే ఆడ్స్ (ఉండే, ఉండకపోయే అవకాశాల నిష్పత్తి) కాస్త బరువున్నవారిలో 1.11 రెట్లు, ఊబకాయం ఉన్నవారిలో 1.28 రెట్లు, బీఎంఐ 40 దాటినవారిలో 2.04 రెట్లు. అంటే మీ బీఎంఐ దగ్గర బరువు కౌంట్‌ను కొంత తోస్తుంది, ఒక్కటే దించేయదు. 9 మిలియన్లకు ఇంకో కారణం ఉందేమో వెతకాలి. ముఖ్యంగా వేరికోసీల్, అంటే వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం. లావుగా ఉన్నవారిలో చేతితో తడిమి దాన్ని పట్టుకోవడం కష్టం, కాబట్టి డాప్లర్ స్కాన్ (రక్తప్రవాహం చూసే అల్ట్రాసౌండ్) పడుకోబెట్టి, నిలబెట్టి రెండు రకాలుగా చేయించండి. వృషణాల సైజు కూడా అందులోనే తెలుస్తుంది. రెండో పరీక్షలో 5 మిలియన్ల లోపు వస్తే క్రోమోజోమ్ పరీక్ష కూడా అడగాలి. క్లైన్‌ఫెల్టర్ (ఎక్స్ క్రోమోజోమ్ ఒకటి అదనంగా ఉండటం) ఉన్న కొందరు లావుగా, టెస్టోస్టెరాన్ తక్కువగా ఉండి ఏళ్ల తరబడి ‘బరువు సమస్య’ కిందే మిగిలిపోతారు.

---

దారిదీపం

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. పరీక్షలు ఉదయం మళ్లీ చేయిస్తాను. ఇంకో మూడు సందేహాలు. రాత్రిళ్లు గట్టిగా గురక ఉంటుంది, దానికీ దీనికీ సంబంధం ఉందా? జింక్, ఫోలిక్ యాసిడ్, యాంటీఆక్సిడెంట్ మాత్రలు మూడు నెలలు వాడమన్నారు, వాడనా? నెలలో 10 కిలోలు తగ్గేలా గట్టి డైట్ చేస్తే తొందరగా ఫలితం వస్తుందా?

---

నిద్రమాపకం

గురక గురించి. మెడ లావుగా ఉండి గట్టిగా గురక పెట్టడం, నిద్రలో ఊపిరి ఆగినట్టు పక్కవారు చూడటం, పగలు కూర్చుంటే కునుకు రావడం ఉంటే స్లీప్ అప్నియా పరీక్ష చేయించండి. ఇంట్లోనే ఒక రాత్రి యంత్రం పెట్టుకుని చేసుకునే పరీక్ష చాలు. టెస్టోస్టెరాన్ విడుదల నిద్రతో ముడిపడి ఉంటుంది. రాత్రంతా నిద్ర ముక్కలు ముక్కలైతే ఉదయపు అంకె తగ్గుతుంది.

నిద్రలో గాలి ఒత్తిడితో ఊపిరి దారిని తెరిచి ఉంచే సీప్యాప్ మాస్కు ఒక్కటే పెడితే టెస్టోస్టెరాన్ పెరుగుతుందని రుజువు లేదు. అలసట, బీపీ, అంగస్తంభన మెరుగవ్వడానికి, బరువు తగ్గే ఓపిక రావడానికి అది పనికొస్తుంది. ఇంకొకటి, అప్నియా ఉన్నవారికి టెస్టోస్టెరాన్ ఇస్తే ఊపిరి ఆగడం ఎక్కువ కావచ్చు. పైవారు వద్దన్న ఇంజెక్షన్‌ను దూరం పెట్టడానికి ఇది రెండో కారణం.

---

తూకంరాయి

మాత్రల గురించి ఒక్క ముక్క, తర్వాత బరువు.

జింక్ 30 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు ఆరు నెలలు ఇచ్చి 2,370 జంటల మీద చేసిన పెద్ద ట్రయల్ 2020లో వచ్చింది. వీర్యం నాణ్యత పెరగలేదు, పుట్టిన పిల్లల సంఖ్య పెరగలేదు, పైగా డీఎన్‌ఏ తెగిపోవడం కాస్త ఎక్కువైంది. యాంటీఆక్సిడెంట్ మిశ్రమం మీద అదే ఏడాది వచ్చిన మరో ట్రయల్‌లోనూ లాభం తేలలేదు. రక్తంలో నిజంగా లోటు కనిపిస్తే సరిదిద్దండి. ఊరికే వాడి, ‘మందు వాడుతున్నాం కదా’ అని బరువు సంగతి వాయిదా వేయడమే అసలు నష్టం.

బరువు తగ్గితే వీర్యం బాగుపడుతుందా అనేదానికి నాకు నచ్చిన రుజువు డెన్మార్క్‌లో జరిగి 2022లో అచ్చయిన ట్రయల్. బీఎంఐ 32 నుంచి 43 మధ్య ఉన్న 56 మంది మగవారు, అంటే సరిగ్గా మీలాంటివారే. 8 వారాలు రోజుకు 800 కేలరీలు. సగటున 16.5 కిలోలు తగ్గారు. మిల్లీలీటరుకు కణాల సంఖ్య దాదాపు సగం పెరిగింది (1.49 రెట్లు), మొత్తం కణాలు 1.41 రెట్లయ్యాయి. అసలు విషయం తర్వాత ఉంది. ఏడాది పాటు బరువు నిలబెట్టుకున్నవారిలో ఆ మెరుగుదల నిలిచింది. బరువు తిరిగొచ్చినవారిలో అదీ పోయింది.

కాబట్టి నెలలో 10 కిలోలు అనే లెక్క పక్కన పెట్టండి. ఆ 800 కేలరీల పద్ధతి డాక్టర్ల పర్యవేక్షణలో, పోషకాలన్నీ కలిపిన ఆహారంతో నడిచింది. ఎవరికివారు ఇంట్లో కడుపు మాడ్చుకుంటే కండ కరిగిపోతుంది, పిత్తాశయంలో రాళ్లొస్తాయి. ఒంట్లో శక్తి చాలదని గ్రహించిన మెదడు ఎల్‌హెచ్‌ను ఇంకా తగ్గిస్తుంది. మనం వదిలించుకోవాలనుకున్న సమస్యే మళ్లీ తలకెత్తుకున్నట్టు.

మీ లెక్క ఇలా వేసుకోండి. మొదటి గమ్యం 10 శాతం, అంటే 104 నుంచి 94 దాకా. ఇప్పుడు బరువు నిలకడగా ఉంచుతున్న తిండికంటే రోజుకు 500 నుంచి 750 కేలరీలు తగ్గిస్తే వారానికి అరకిలో నుంచి 700 గ్రాములు దిగుతారు. నాలుగైదు నెలల పని. తీపి పానీయాలు, మద్యం, రాత్రి ఆలస్యంగా తినడం తీసేస్తే సగం లెక్క అక్కడే తేలిపోతుంది. ప్రోటీన్‌ను ఇప్పటి బరువుకు కాదు, చేరాలనుకున్న బరువుకు కట్టాలి. 80 కిలోలనుకుంటే కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు, రోజుకు దాదాపు 100 నుంచి 120. కిడ్నీ సమస్య ఉంటే ముందు అడగాలి.

వ్యాయామం వారానికి 150 నిమిషాలు చెమట పట్టేలా నడక, రెండు రోజులు బరువులతో. పెద్ద కండరాలకు పని చెప్పే కదలికలు చాలు, కండ పెరిగితే ఇన్సులిన్ మాట వింటుంది. గంటలకొద్దీ సైకిల్ తొక్కడం మీకు సరిపడదు, వేడి, ఒత్తిడి రెండూ అక్కడే పడతాయి. ఆవిరి స్నానాలు, వేడినీటి తొట్టెలు, ఒళ్లో ల్యాప్‌టాప్ ఈ ఆరు నెలలు మానండి. బిగుతు లోదుస్తులు కూడా. కూర్చునే పనైతే 45 నిమిషాలకొకసారి లేచి ఐదు నిమిషాలు తిరగండి.

తూకం కంటే టేపు నమ్మండి. మొదటి నెల బరువులెత్తేవారికి తూకం కదలకపోయినా నడుము తగ్గవచ్చు. వారానికి ఒకసారి, ఒకే రోజు, ఉదయం, బొడ్డు ఎత్తున.

---

హార్మోన్ల లెక్క

తూకంరాయి గారు చెప్పినదానికి సమయం లెక్క కలుపుతాను. ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు, తర్వాత గొట్టంలో ప్రయాణించి పక్వం కావడానికి మరో రెండు వారాల వరకు. అంటే ఈరోజు మార్చిన అలవాటు వీర్యంలో పూర్తిగా కనిపించేది మూడు నెలల తర్వాతే. నెలకే పరీక్ష చేయించి నిరాశపడి వదిలేసేవారు చాలామంది. మొదలుపెట్టిన మూడు నెలలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి చాలు. టెస్టోస్టెరాన్ ముందే కదులుతుంది. డైట్‌తో బరువులో దాదాపు 10 శాతం తగ్గినవారిలో సగటున డెసిలీటరుకు 80 నానోగ్రాముల దాకా పెరుగుతుంది, బరువు తగ్గించే శస్త్రచికిత్సతో మూడో వంతు తగ్గినవారిలో 250 దాకా.

శస్త్రచికిత్స అన్నాను కాబట్టి: టెస్టోస్టెరాన్ పెరగడం ఖాయమే గానీ వీర్యం ఫలితాలు అందరిలో ఒకేలా లేవు. వేగంగా తగ్గే తొలి నెలల్లో పోషకాల లోటుతో కౌంట్ పడిపోయినవారూ ఉన్నారు. ఎవరైనా ఆ దారిలో వెళ్తుంటే ముందే వీర్యం నిల్వ చేసుకోవడం మంచిది. బరువు తగ్గడానికి వారం వారం వేసుకునే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు డాక్టర్ ఇస్తే, మీ భార్య కూడా అదే మందు మీద ఉన్నారేమో చెప్పండి. ఆమె గర్భం ప్రయత్నానికి కనీసం రెండు నెలల ముందు ఆపాలి.

ఉదయపు పరీక్షల్లో కూడా టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్ తక్కువే అని తేలితే ఆండ్రాలజిస్టు (మగవారి సంతాన సమస్యల డాక్టర్) ముందు మూడు దారులుంటాయి. క్లోమిఫీన్ 25 లేదా 50 మిల్లీగ్రాములు: ఎస్ట్రోజెన్ సంకేతాన్ని మెదడు దగ్గర అడ్డుకుని ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను పెంచుతుంది. చూపు మసకబారితే వెంటనే ఆపాలి. టెస్టోస్టెరాన్, ఎస్ట్రడయాల్ నిష్పత్తి 10 లోపు ఉంటే అరోమటేజ్‌ను అడ్డుకునే అనాస్ట్రజోల్ 1 మిల్లీగ్రాము. మూడోది హెచ్‌సీజీ ఇంజెక్షన్లు, ఎల్‌హెచ్ పని అదే చేస్తుంది. ఇవి వృషణాల సొంత తయారీని పెంచుతాయి, టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్‌లా ఆపేయవు. డాక్టర్ చేతి కిందే, నెలకో రెండు నెలలకో రక్తం చూసుకుంటూ వాడాలి. బరువు పనికి ఇవి బదులు కావు.

భార్య వయసు 31 కాబట్టి ఆరు నెలలు బరువుకు ఇవ్వవచ్చు. అదే 36, 37 ఉండి అండాల నిల్వ తక్కువగా ఉంటే నేను ఆగమని చెప్పను. బరువు పని, చికిత్స పక్కపక్కనే నడవాలి.

---

దారిదీపం

అర్థమైంది. ఈ ఆరు నెలలూ కలవడం ఆపాలా? కణాలు ‘ఆదా’ చేసి సరైన రోజున కలిస్తే మేలంటారు.

---

సూక్ష్మదర్శిని

ఆపొద్దు, ఆదా చేయొద్దు. ఎక్కువ రోజులు నిల్వ ఉన్న కణాల్లో డీఎన్‌ఏ దెబ్బతినడం ఎక్కువ. అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు, మొత్తం ఆరు రోజుల కిటికీ. ఆ రోజుల్లో రోజూ లేదా రోజు విడిచి రోజు కలవండి. మిగతా నెలలో వారానికి రెండుమూడుసార్లు. కందెన తప్పనిసరైతే వీర్యకణాలకు హాని చేయదని ప్యాకెట్ మీద రాసి ఉన్నదే తీసుకోండి, మామూలువి కదలికను తగ్గిస్తాయి.

అంగస్తంభన ఇబ్బంది ఏమైనా ఉంటే దాచకుండా డాక్టర్‌కు చెప్పండి, ఈ బరువులో అది సాధారణమే. షుగర్ బయటపడి, వీర్యం పరిమాణం 1.4 కంటే తగ్గుతూ ఉంటే వీర్యం మూత్రాశయంలోకి వెనక్కి పోతోందేమో చూడాలి. స్ఖలనం తర్వాత వెంటనే మూత్రం పట్టి అందులో కణాలు వెతికితే తేలిపోతుంది. ప్రస్తుతం మీది 1.8 కాబట్టి ఆ పరీక్షకు తొందర లేదు. ముందు హెచ్‌బీఏ1సీ, ఉదయపు హార్మోన్లు, రెండో వీర్యపరీక్ష, డాప్లర్. నాలుగూ వచ్చాక అంకెలు ఇక్కడ పెట్టండి, చూద్దాం.